రెండు సెల్లుల చోటు

లావు సెల్లు కొలత మా ముత్తాతల కాలం నుంచీ మారలేదు. అడ్డం 34 మిల్లీమీటర్లు, పొడవు అరవై ఒకటిన్నర. అమెరికాలో నేషనల్ కార్బన్ కంపెనీ 1898లో ఈ కొలతతో సెల్లు తెచ్చింది. మరుసటి ఏడు జనవరిలో డేవిడ్ మిసెల్ అనే ఆయనకి ఒక చేతిదీపం మీద పేటెంటు వచ్చింది. గొట్టంలో సెల్లులు ఒకదాని వెనక ఒకటి, ముందు చిన్న బల్బు, దాని చుట్టూ మెరిసే గిన్నె. ఆ తరవాత సామ్రాజ్యాలు కూలాయి, అణాలు పోయి పైసలొచ్చాయి, ఆ పైసలూ పోయాయి. సెల్లు నడుము మాత్రం నూలంత పెరగలేదు, తగ్గలేదు. నెల్లూరు నిప్పో సెల్లుని రెండో ప్రపంచయుద్ధానికి ముందు చేసిన అమెరికా టార్చిలోకి వదిలితే, పుట్టింటికొచ్చిన ఆడపిల్లలా తడుముకోకుండా లోపలికి వెళ్ళిపోతుంది.

నా వ్యసనమంతా ఈ ఒక్క ఒడంబడిక మీద నిలబడి ఉంది. పాత టార్చిలైట్లు కొని, కడిగి, లోపల ఎల్‌ఈడీ పెట్టి వెలిగిస్తుంటాను. ఇంట్లోవాళ్ళ లెక్కలో ఇది పని కిందికి రాదు. వందా రెండొందలకి ప్లాస్టిక్ లైటు దొరుకుతుంటే, అంతకు రెట్టింపు పెట్టి చిలుము పట్టిన గొట్టం కొనడమెందుకు, దానికి మళ్ళీ అంత తగలెయ్యడమెందుకు అని అడుగుతారు. డబ్బు లెక్కలో నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పేసుకుంటే వాదన అక్కడితో ఆగిపోతుందని ఈమధ్యనే కనిపెట్టాను.

హైదరాబాదులో గురువారం గురువారం జరిగే జుమ్మేరాత్ బజారు నా వేటస్థలం. తుప్పు తాళాలు, నోరు తెరుచుకున్న టేపు రికార్డర్లు, ఒంటరి కుక్కరు మూతలు, వాటి మధ్య ఎక్కడో ఒక టార్చి. అమ్మేవాడికి దాని వయసుతో పని లేదు. "ఇత్తడి సార్, అసలు ఇత్తడి. కరగవోసినా గింతొస్తది," అని అరచేతిలో ఎగరేసి బరువు చూపిస్తాడు. నా పోటీదారు ఇంకో సేకర్త కాదన్నమాట, కొలిమి. తూకం ధర మీద పదో ఇరవయ్యో ఎక్కువ ఇస్తే టార్చి నాది. లేకపోతే వచ్చే నెలకి ఏ తలుపు గడియగానో మారిపోతుంది.

మన దేశంలో టార్చి అంటే చాలాకాలం ఎవరెడీయే. 1958లో లక్నోలో వాళ్ళ టార్చిల ఫ్యాక్టరీ మొదలైంది. అలహాబాదు నుంచి జీప్ వచ్చేది. ఎవరెడీలో 'జీవన్ సాథీ' అని ఇత్తడి రకం ఉండేది. పల్లెల్లో దాన్ని కొన్నవాళ్ళు నిజంగానే జీవితాంతం వాడారు. ఆ ఎవరెడీ వెనక ఉన్నది యూనియన్ కార్బైడ్. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్లో ఎవరి ట్యాంకులోంచి మిథైల్ ఐసోసైనేట్ నిద్రపోతున్న ఊరి మీదికి పాకిందో ఆ కంపెనీయే. పదేళ్ళ తరవాత అమెరికా మాతృసంస్థ తన వాటా అమ్ముకుని వెళ్ళిపోయింది. ఆ కాలపు టార్చి చేతికొచ్చినప్పుడల్లా ఈ సంగతి మనసులో మెదలకుండా ఉండదు. లక్నోలో మర తిప్పిన కార్మికుడు చేసిన పాపం ఏమీ లేదు. అయినా ఆ పనితనాన్ని మెచ్చుకుంటున్నప్పుడు నోట్లో కాస్త చేదు తగులుతుంది. దాన్ని పోగొట్టుకోవాలని కూడా నాకు లేదు.

వెనక మూత తిప్పి చూస్తే ఎక్కువసార్లు కనిపించేది తెల్లటి పొడి. పాతరకం సెల్లులో జింకు డబ్బాయే రుణధ్రువం, డబ్బాయే గోడ. కరెంటు ఇస్తున్నకొద్దీ ఆ గోడ తనను తాను తినేస్తుంది. పలచబడి చిల్లు పడితే లోపలి లవణాల తడి బయటికి కారి ఇత్తడిని పట్టుకుంటుంది. ఇంటి పెద్దలు "వాడనప్పుడు బ్యాటరీలు తీసెయ్యరా" అని అరిచేది అందుకే. ఈ కారుడు కాస్త పులుపు గుణం కలది కనుక వంటసోడా నీళ్ళతో కడగాలి. ఆల్కలైన్ సెల్లు కారితే తద్విరుద్ధం, అక్కడ నిమ్మరసం. తేడా తెలియకుండా రెండిటికీ ఒకే మందు వేసేవాళ్ళున్నారు. పైన పట్టిన పచ్చటి చిలుముకి మన చింతపండుని మించినది నాకు ఇంతవరకూ దొరకలేదు. రిఫ్లెక్టర్ జోలికి మాత్రం చింతపండుతో వెళ్ళకూడదు. మంచి టార్చిల్లో దాని మీద ఉండేది పలచని వెండిపూత. పీతాంబరి పొడి వేసి ఒక్కసారి గట్టిగా తోమితే వెండి గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది, వెనక పసుపుపచ్చ ఇత్తడి మిగులుతుంది. మెత్తటి దూదితో ధూళి తుడిచి, మిగిలిన మసకని వయసు కింద వదిలెయ్యడమే మంచిది.

తోముతున్నంతసేపూ నాకు గుర్తొచ్చేది మా ఇళ్ళలో సెల్లుకి ఉన్న పరువు. కొత్త సెల్లు ముందు టార్చిలోకి వెళ్ళేది. బల్బు పసుపురంగులోకి తిరగ్గానే దాన్ని తీసి గోడ మీద ఎండలో పెట్టేవాళ్ళు. సాయంత్రానికి కాస్త ఊపిరి వచ్చేది. ఆ ఊపిరిలో ఎండ వాటా కొంతే. వేడికి లోపలి రసాయన చర్య కొంచెం చురుకవుతుంది, అసలు మేలు మాత్రం విశ్రాంతి వల్ల. టార్చికి పనికిరాకపోయాక రేడియోలోకి వెళ్ళేది, దాని ఆకలి తక్కువ కనుక. రేడియో కూడా గొణగడం మొదలుపెట్టాక పిల్లల చేతికి. రాయితో పగలగొడితే నల్లటి పొడి, నడుమ బొగ్గుకడ్డీ. ఆ పొడిని దొండాకు పసరుతో కలిపి పలకకి రుద్దితే పలక మళ్ళీ నల్లగా అయ్యేది. పొడి ముట్టుకున్న చేతులు కడుక్కోమని మాకెవరూ చెప్పలేదు. అది వేరే సంగతి.

బల్బుకి పనికిరాని ఆ సెల్లు నిజానికి చచ్చిపోలేదు. దాని ఒత్తిడి తగ్గింది, అంతే. తీగబల్బు గుణం ఏమిటంటే వోల్టేజి అయిదో వంతు పడితే వెలుగు సగానికి పైగా పడిపోతుంది. మన పెద్దలు సగం తాగిన సెల్లుని ఎండకెక్కించింది ఈ మొండి బల్బు కోసమే. తెల్ల ఎల్‌ఈడీ మరీ మొండిది, దాదాపు మూడు వోల్టులు లేనిదే కన్ను తెరవదు. రెండు కొత్త సెల్లులు కలిస్తే సరిగ్గా మూడు. నాలుగు రాత్రులు వాడితే అదీ ఉండదు. అందుకని మధ్యలో గోరంత సర్క్యూట్ ఒకటి పెట్టాలి. అందులో ఒక తీగచుట్ట ఉంటుంది. దాంట్లోకి కరెంటు పారించి టక్కున తెంచితే చుట్ట ఊరుకోదు. పారుతున్నదాన్ని పారిస్తూనే ఉండాలని వోల్టేజిని పైకి ఎగదోస్తుంది. సెకనుకి లక్షలసార్లు ఈ తెంచడం, ఎగదొయ్యడం జరుగుతుంటే ఒక్కో సెల్లు ఒక వోల్టు కిందికి దిగినా ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంటుంది. గోడ మీద ఎండ చెయ్యలేకపోయిన పని ఇది. రేడియోకీ పలకకీ వెళ్ళాల్సిన సెల్లు ఇంకొన్ని రాత్రులు టార్చిలోనే ఉండిపోతుంది.

ఈ సర్క్యూట్లలో రెండు జాతులున్నాయి. ఖరీదైనది చివరి బొట్టు దాకా ఒకే వెలుగిచ్చి, ఉన్నట్టుండి ఆరిపోతుంది. చవకది సెల్లుతో పాటు మెల్లమెల్లగా తగ్గుతుంది. తెలిసినవాళ్ళు మొదటిదే గొప్పదంటారు. నేను రెండోది పెడతాను. డొంక మధ్యలో చెప్పాపెట్టకుండా చీకటిచేసే లైటుని నేను ఎవరి చేతికీ ఇవ్వను. పాత బల్బు పసుపెక్కి "ఇక ఇంటికి పద" అని చెప్పేది, ఆ మర్యాద కొత్తదానికీ ఉండాలి.

అసలు తంటా వెలుగు పుట్టే చోట ఉంది. పాత రెండు సెల్లుల బల్బు తీసుకునేది సుమారు 2.4 వోల్టులు, అర ఆంపియరు. అంటే ఒకటింబావు వాటుకి కాస్త తక్కువ. ఇచ్చే వెలుగు పది ల్యూమెన్లకి అటూ ఇటూ, మిగతాదంతా వేడి. ఇంత పేదబల్బుతో మన పెద్దలు చెరువుగట్టు అవతలి మనిషిని ఎలా పోల్చుకున్నారంటే, దానికి కారణం గిన్నె వంపు. పారాబొలా నాభిలో చుక్కంత వెలుగు పెడితే కిరణాలు సమాంతరంగా బయటికి పోతాయని బడిలో చదివాం. తీగ అన్ని వైపులకీ వెలుగు విరజిమ్ముతుంది, గిన్నె పక్కలకి పోయేదాన్నంతా పట్టుకుని ముందుకి తోస్తుంది. ఆ గిన్నెని గీసినవాడు ఆ తీగ స్వభావం తెలిసి గీశాడు.

ఎల్‌ఈడీ అలా కాదు, దానికి వీపు లేదు. బల్లపరుపు పలక మీద నీలం వెలుగిచ్చే చిప్పు, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత, రెండూ కలిసి తెలుపు. ఆ నీలాన్ని సాధించడానికే దశాబ్దాలు పట్టింది. అకసాకి, అమానో, నకమురా ముగ్గురికీ 2014లో నోబెల్ ఇచ్చింది దానికే. ఈ పలక వెలుగంతా ముందుకే చిమ్ముతుంది. అందులోనూ నడిమధ్యన ఉన్న గట్టి వెలుగు గిన్నెని తాకకుండానే అద్దం దాటి చెదిరిపోతుంది. అంచుల్లో పోయేది మాత్రమే గిన్నె చేతికి చిక్కుతుంది. దాన్నైనా సరిగ్గా పట్టుకోవాలంటే చిప్పు పాత తీగ ఉన్న ఎత్తులోనే ఉండాలి. మిల్లీమీటరు తేడా వస్తే గోడ మీద నడుమ చిల్లున్న గారె పడుతుంది. బజారులో దొరికే 'బల్బు తీసి ఇది పెట్టండి' రకం ఎల్‌ఈడీల్లో చాలావాటి గొడవ ఇదే. వాటికి ఇంకో చిక్కు కూడా ఉంది. తీగబల్బుకి కరెంటు ఎటునుంచి వచ్చినా ఒకటే, ఎల్‌ఈడీకి ధన రుణాల పట్టింపు ఉంది. సెల్లులు తలకిందులుగా పెట్టారంటే వెలగదు. లైటు పాడైందనుకుని మూల పడేసిన ఇళ్ళు నాకు తెలుసు.

అందుకని నేను రాగి కడ్డీ ముక్క కోసి, వేలికొనంత దిమ్మ చేసి, పైన ఎల్‌ఈడీ అతికిస్తాను. కింద పాత బల్బు అంచులాంటి చక్రం. ఎత్తు కోసం ఆకురాయితో రాస్తూ, గిన్నెలో పెట్టి గోడ మీద చూస్తూ, మళ్ళీ రాస్తూ పోవాలి. దిమ్మ రాగిదే ఎందుకంటే, తీగ తన వేడిని వెలుగుతో పాటు గాల్లోకి పంపేస్తుంది, ఎల్‌ఈడీ వేడి వెనక్కి దిగుతుంది. దిగడానికి దారి లేకపోతే చిప్పు కాగి వెలుగు తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. ఇక్కడ పాత టార్చి చేసే ఉపకారం నాకు మొదట్లో తట్టలేదు. బల్బు అంచు గిన్నె మెడని తాకే చోటు కరెంటు తిరిగి వెళ్ళడానికని పెట్టిన దారి. గిన్నె లోహం, గొట్టం లోహం. కరెంటు కోసం వేసిన ఆ దారిలోనే వేడి కూడా దిగి ఒంటి ఇత్తడిలో కలిసిపోతుంది. 1950ల్లో ఆ మెడ తయారుచేసినవాడికి ఎల్‌ఈడీ ఉంటుందని తెలియదు. తెలిసినా ఇంతకంటే బాగా చెయ్యలేడు.

అదే ఒకటింబావు వాటులోపు ఖర్చుతో ఇప్పుడు వచ్చేది వంద ల్యూమెన్ల దాకా. పదింతలు. ఇక్కడ ఆగిపోతాను. ఆగకపోవడానికి సాధనాలున్నాయి. లావు సెల్లుల చోట ప్లాస్టిక్ గొట్టం తొడిగి లిథియం సెల్లు దింపి, వెయ్యి ల్యూమెన్లు కక్కించేవాళ్ళున్నారు. ఫొటోలో చూడముచ్చటగా ఉంటుంది. ఆ టార్చి స్విచ్చి మాత్రం సన్నటి ఇత్తడి రేకు, అర ఆంపియరు కోసం చేసింది. దాని మీదుగా మూడు ఆంపియర్లు పంపితే రేకు కాలుతుంది, వెనక స్ప్రింగు కాగుతుంది, చేతిలో గొట్టం చురుక్కుమంటుంది. పైగా ఆ లిథియం సెల్లు అయిపోతే ఊళ్ళో దొరకదు. కిరాణా కొట్టులో దొరకనిదేదీ లోపల పెట్టకూడదని నా నియమం. రెండు లావు సెల్లుల చోటు ఎవరో ఒక కొలతకి వదిలారు. ఆ కొలతని నమ్మి ఎక్కడెక్కడి ఫ్యాక్టరీలు సెల్లులు చేశాయి. ఊరికొక కొట్టు వాటిని నిలవ పెట్టింది. ఆ వరసలో చివరివాణ్ణి నేను. చోటుని చెడగొట్టే హక్కు నాకు ఉందనుకోను. ఒంటికి బెజ్జం వెయ్యను, మర కొత్తగా కొయ్యను. నేను పెట్టినదంతా బల్బు చోటులోనే ఇమడాలి, రెండు నిమిషాల్లో తీసెయ్యడానికి వీలుండాలి.

తీసిన బల్బుని ఏం చేస్తావంటే, దానికీ చోటుంది. చాలా టార్చిల్లో వెనక మూత లోపల, స్ప్రింగు మధ్యన, ఇంకో బల్బు పట్టేటంత గూడు ఉంటుంది. బల్బు మాడిపోతుందని కంపెనీకే తెలుసు. ఎల్‌ఈడీ పెట్టిన ప్రతి టార్చికీ అసలు బల్బుని ఆ గూట్లో పెట్టి మూస్తాను. నా పని నచ్చనివాడు నన్ను అడగక్కర్లేకుండా నా పనిని చెరిపేసుకోవచ్చు. ఇప్పుడొచ్చే ప్లాస్టిక్ లైట్లు ఎన్నో విప్పి చూశాను. మూతకి మర ఉండదు, జిగురుంటుంది. లోపల బ్యాటరీకి టంకం వేసి ఉంటుంది. చార్జింగు పట్టడం మానేసిన రోజున బ్యాటరీతో పాటు లైటంతా చెత్తబుట్టలోకి. వాటి వెలుగుకి వంక పెట్టను. తరవాత వచ్చేవాడి చేతికి ఎక్కడా సందివ్వని ఆ తయారీ మీదే నా కోపం.

మా బాబాయిది సత్తెనపల్లి దగ్గర పల్లె. మిరప, పత్తి. పొలాలకి కరెంటు వంతులవారీగా ఇచ్చిన రోజుల్లో రాత్రి వంతు పడితే మోటారు వెయ్యడానికి అర్ధరాత్రి వెళ్ళినవాడు. ఆయన చేతిలో ప్లాస్టిక్ లైటు చూసి, ఇంత వెలుగుండగా నీకు నా గొట్టాలతో పనేముందిలే అన్నాను.

"ఎలుగుందిరా, కాదన్ను. రంగు లేదు. దీంట్లో ఎండుటాకూ రక్తపింజరీ ఒక్క తీరుగుంటయ్," అన్నాడు.

కాగితం మీద దీన్ని వర్ణ సూచిక అంటారు. ఎండకి వంద. తీగబల్బుకీ ఇంచుమించు వందే, ఎంత మసకగా వెలిగినా రంగులు దాయదు. చవక ఎల్‌ఈడీకి డెబ్బై ఉంటే గొప్ప. నీలం మిక్కిలి, ఎరుపు దరిద్రం. ఎరుపు లేని వెలుగులో గోధుమరంగులన్నీ బూడిదగా కనబడతాయి. పాముల మీద పరిశోధన నేను చెయ్యలేదు గానీ, బాబాయి కళ్ళు చెప్పింది ఈ లెక్కకి సరిపోయింది. తొంభై దాటిన చిప్పులు దొరుకుతాయి, వెచ్చటి పసుపుఛాయలో. ఒకే వాటుకి వెలుగు కొంచెం తక్కువ ఇస్తాయి. ఆ తక్కువకి ఒప్పుకుని ఒకటి ఆయన పాత జీవన్ సాథీలో పెట్టి ఇచ్చాను. ఆయన పాముల కోసం చూడలేదు. నేరుగా కల్లానికి వెళ్ళి మిరపకాయల మీద వేశాడు. ఎర్రగా ఉన్నాయి. వాటిలో తెల్లబారిన తాలు కాయలు విడిగా తెలుస్తున్నాయి. అక్కడే గొంతుక్కూర్చుని కాసేపు ఏరాడు కూడా.

ఆ సంబరంలో పక్కింటి అటక మీది అయిదు సెల్లుల లైటొకటి ఆయనే తెచ్చి నా ముందు పెట్టాడు. మూరెడు గొట్టం, అరచేయంత గిన్నె, తిప్పితే వెలుగు కూడుకునే తల. అయిదు సెల్లులంటే ఏడున్నర వోల్టులు. ఇక్కడ ఎగదోసే సర్క్యూట్ పనికిరాదు, తగ్గించేది కావాలి. ఇది మంచి పని, వెచ్చటి చిప్పు పెడితే ఇంకా బాగుంటుందని నేను ఊహల్లో ఉండగా ఆయన అడ్డొచ్చాడు.

"దీనికి నీ రంగులేం పెట్టమాకురా. ఇది పందులకి. అయ్యి మొక్కజొన్న తొక్కుతుంటే ఆ చివర గట్టుకాడికి పడాల ఎలుగు. పందికి రంగుతో పనేంది?"

నా సిద్ధాంతాలు అడవిపందుల దాకా ఆలోచించినవి కావు. దూరం కావాలంటే మొత్తం వెలుగు ఎంతని కాదు, వెలుగు పుట్టే చుక్క ఎంత చిన్నది, ఎంత తీక్షణమైనది అన్నది ముఖ్యం. అలాంటి చిప్పులు చల్లటి నీలితెలుపులోనే ఎక్కువ, వర్ణ సూచిక అడగకూడదు. కోఠీ గుజరాతీ గల్లీలో ఆ రకం దొరుకుతుందేమో సోమవారం వెళ్ళి చూడాలి. దొరికితే అదే పెడతాను. బల్బు మాత్రం వెనక మూతలో ఉంటుంది.